పదకొండు లక్ష్యాలు, పదిన్నర గంటలు

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: వయసు 36. విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ పని, వారానికి ఆరు రోజులు. భర్త మందుల కంపెనీ రిప్రజెంటేటివ్, సోమవారం నుంచి గురువారం దాకా ఊళ్ళు తిరుగుతారు. తొమ్మిదేళ్ళ పాప, అయిదేళ్ళ బాబు, షుగరున్న అత్తగారు. ఉగాది నాడు కొత్త నోట్‌బుక్‌లో పదకొండు లక్ష్యాలు రాసుకున్నారు: పది కిలోలు తగ్గడం, గ్రూప్-2 రాయడం, ఇంటికి డబ్బు కూడబెట్టడం, పెళ్ళికి ముందు నేర్చుకున్న వీణ మళ్ళీ పట్టడం, పిల్లలతో ఎక్కువసేపు గడపడం, రోజూ ధ్యానం, నెలకు రెండు పుస్తకాలు, ఇంగ్లీషు మాట్లాడటం, అత్తగారి షుగరు అదుపు, ఫోను తగ్గించడం, బంగారం చీటీ. ఆషాఢం వచ్చేసరికి ఒక్కటీ నడవడం లేదు. "నాలో పట్టుదల లేదేమో" అని అడిగారు.

పట్టుదల సంగతి తర్వాత చూద్దాం. మీరు లెక్కలు చూసే మనిషి కాబట్టి ముందు కూడిక చేద్దాం.

వారానికి 168 గంటలు. మీరిచ్చిన దినచర్య ప్రకారం నిద్ర రోజుకు 7 చొప్పున 49. ఆఫీసు ఆరు రోజులు, 9 చొప్పున 54. బస్సులో రానూపోనూ గంటన్నర, వారానికి 9. వంట, గిన్నెలు, బట్టలు, సరుకులు రోజుకు మూడున్నర, అంటే 24.5. పిల్లల స్నానాలు, హోంవర్కు, తిండి రోజుకు రెండు గంటలు, 14. మీ స్నానం, పూజ, భోజనం రోజుకు గంట, 7. మొత్తం 157.5. మిగిలింది పదిన్నర గంటలు. చుట్టాలు రావడం, పిల్లలకు జ్వరం, స్కూల్లో మీటింగు, కాసేపు ఊరికే కూర్చోవడం, అన్నీ అందులోనే.

ఇక అవతలి పక్క. గ్రూప్-2కి వారానికి 15 గంటలు. నడక, వ్యాయామం మూడున్నర. వీణ రోజుకు అరగంట, మూడున్నర. ధ్యానం రోజుకు ఇరవై నిమిషాలంటే రెండుంబావు పైన. పుస్తకాలు మూడున్నర, ఇంగ్లీషు మూడున్నర. మొత్తం 31 దాటింది, పిల్లలతో "ఎక్కువసేపు" అన్నది ఇంకా కలపనే లేదు. ఉన్నది పదిన్నర, రాసుకున్నది ముప్ఫై ఒకటి. ఈ ట్రయల్ బ్యాలెన్స్ ఎవరు ఎంత పట్టుదలగా కూర్చున్నా టాలీ కాదు. తేడా వచ్చిన ఇరవై గంటలు ఎక్కడినుంచో రావాలి. మన ఇళ్ళలో అవి ఆడవాళ్ళ నిద్రలోంచి వస్తాయి. రెండు వారాలు అయిదు గంటల నిద్రతో నెట్టుకొస్తారు, మూడో వారం తలనొప్పి, పిల్లల మీద అరుపులు, నాలుగో వారం నోట్‌బుక్ అలమరలోకి. మీకు జరిగింది ఇదే. తప్పు మీ స్వభావంలో ఉందని దయచేసి అనుకోకండి.

పై అంకెలు మీరు గుర్తున్నంత మేరకు చెప్పినవి. అసలు లెక్క తీయండి. ఒక కాగితం మీద రోజుకు 48 గడులు గీయండి, ఒక్కో గడి అరగంట. మూడుసార్లు నింపండి: మధ్యాహ్నం డబ్బా తినేటప్పుడు, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక, పడుకునే ముందు. అంతా రాత్రికి ఒకేసారి రాద్దామనుకుంటే సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఏం చేశామో గుర్తుండదు, గంటలు కారిపోయేది సరిగ్గా అక్కడే. ఫోను సమయం మనసులోంచి రాయకండి, సెట్టింగ్స్‌లో రోజువారీ స్క్రీన్ సమయం కనిపిస్తుంది, అదే ఎక్కించండి. మీ ఉద్యోగానికి ఒక వారం లెక్క చాలదు. 7న టీడీఎస్ పన్ను కట్టడం, 11న జీఎస్‌టీఆర్-1, 20న 3బీ అనే జీఎస్‌టీ రిటర్నులు ఉన్న వాళ్ళ నెల అంతా ఒకలా నడవదు. 20వ తేదీ పడే వారం ఒకటి, పడనిది ఒకటి, రెండూ తీయండి. ప్రణాళిక వేసేది బరువుగా ఉన్న వారాన్ని బట్టి వేయాలి. తేలికగా ఉన్న వారాన్ని చూసి వేసుకున్నది 11వ తేదీకి విరిగిపోతుంది.

తర్వాత ఆ పదకొండింటినీ విడదీయాలి. అన్నిటినీ లక్ష్యాలు అన్నారు గానీ అవి ఒక జాతివి కావు.

అత్తగారి షుగరు లక్ష్యం కాదు, తేదీలు వేసుకోవాల్సిన పని. ఆవిడ చక్కెర మీ చేతిలో ఉండదు, పరీక్షలు మాత్రం ఉంటాయి. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర చూపే రక్తపరీక్ష), ఏడాదికోసారి కంటి రెటీనా, కిడ్నీల కోసం మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్, పాదాల పరీక్ష. ఏడాది తేదీలన్నీ ఈ పూటే గోడ క్యాలెండర్ మీద రాసేయండి, బాధ్యత మీ ఆయనకు అప్పగించండి. ఇంకొకరి ఒంట్లో జరిగేదాన్ని, ఇంకొకరు మారితేనే జరిగేదాన్ని మీ లక్ష్యంగా రాసుకుంటే ఎంత చేసినా ఓడినట్టే ఉంటుంది. "బాబు అల్లరి తగ్గాలి" లాంటివీ అంతే.

డబ్బుకి సంబంధించినవి రెండు రాశారు, మూడోది మర్చిపోయారు. వీటికి రోజువారీ గంటలు అక్కర్లేదు, ఒక్క పూట కూర్చుంటే చాలు. ఖర్చు నెలకు 45 వేలు, పక్కన పెట్టగలిగేది 18 వేలు, ఇప్పటికే లక్ష ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉందన్నారు. ముందు ఆరు నెలల ఖర్చు చేతికందేలా ఉండాలి, అంటే 2.7 లక్షలు. మీ ఆయన ఉద్యోగం టార్గెట్ల మీద నడిచేది, మీ ఇంటికి ఇది తప్పనిసరి అని గట్టిగా చెబుతున్నాను. నెలకు 16 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే మిగతా 1.7 లక్షలు పదకొండు నెలల్లో పూర్తవుతాయి.

రాయడం మర్చిపోయిన మూడోది పాప పేరున సుకన్య సమృద్ధి ఖాతా. పదేళ్ళు నిండేలోపే తెరవాలి, నిండితే ఇక కుదరదు. ఏడాదికి కనీసం 250, గరిష్ఠం 1.5 లక్షలు. 15 ఏళ్ళు కట్టాలి, ఖాతా తెరిచిన 21 ఏళ్ళకు చేతికొస్తుంది. పద్దెనిమిది నిండాకగానీ పదో తరగతి పాసయ్యాకగానీ పై చదువుకు సగం దాకా తీసుకోవచ్చు. నెలకు 2 వేలు చాలు. ప్రతి నెలా 5వ తేదీలోపు పడేలా చూడండి, ఎందుకంటే 5వ తేదీ ముగిసిన దగ్గర్నుంచి నెలాఖరు దాకా ఉన్న అతి తక్కువ నిల్వ మీదే ఆ నెల వడ్డీ కడతారు. 6న వేస్తే ఆ నెల ఆ డబ్బుకు వడ్డీ లేదు. జీతం 1న వస్తే 3వ తేదీకి ఆటోమేటిక్ బదిలీ పెట్టేయండి.

బంగారం చీటీ గురించి: దుకాణాల పదకొండు నెలల స్కీములో కట్టే డబ్బు బ్యాంకు డిపాజిట్ కాదు. బ్యాంకులో 5 లక్షల దాకా ఉండే డిపాజిట్ బీమా దానికి లేదు, దుకాణం మూతపడితే మీ డబ్బు అప్పులవాళ్ళ వరసలో నిలబడుతుంది. మామూలు చీటీ వేసేట్టయితే 1982 చిట్‌ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైనదేనా అని చిట్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూసుకోండి, నిర్వాహకుడి కమీషన్ 7 శాతం దాటకూడదు. వీధిలో తెలిసినావిడ నడిపే చీటీ నమ్మకం మీద నడుస్తుంది, నమ్మకం పోయినరోజు కాగితం ఏదీ ఉండదు. ఆరు నెలల నిధి నిండే దాకా రెండూ వద్దనే నా సలహా.

ఇక ఇల్లు. "ఈ ఏడాది ఇంటికి కూడబెట్టాలి" అని రాశారు, ఎంత అని రాయలేదు. 50 లక్షల ఫ్లాట్ అనుకుందాం. 30 లక్షల నుంచి 75 లక్షల మధ్య అప్పుకి బ్యాంకు గరిష్ఠంగా విలువలో 80 శాతమే ఇస్తుంది, కాబట్టి చేతినుంచి 10 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ రుసుములు కలిపి 7.5 శాతం, 3.75 లక్షలు, అది లోనులో కలపరు. మొత్తం 13.75 లక్షలు. నెలకు 16 వేలు, ఏడు శాతం వడ్డీ అనుకున్నా దాదాపు ఆరేళ్ళు పడుతుంది, ఈలోగా ధర పెరిగితే ఇంకా పైన. ఆరేళ్ళ పనిని ఒక ఏడాది లక్ష్యాల్లో రాసుకుంటే ప్రతి ఉగాదికీ దిగులే మిగులుతుంది. ఈ ఏడాది మీ ఇంటి లక్ష్యం పేరు "2.7 లక్షల నిధి". వచ్చే ఏటి నుంచి జీతం పెరిగినప్పుడల్లా ఆ పెరుగుదలలో సగం ఇంటి ఖాతాకి.

బరువు విషయం మీద కాస్త నిలబడాలి, ఎందుకంటే ఎక్కువమంది ఆడవాళ్ళు అంకె తప్పు పెట్టుకుని మధ్యలో వదిలేసేది ఇక్కడే. వ్యాయామం మొదలుపెట్టే ముందు డాక్టరుకు చూపించుకుని హిమోగ్లోబిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, హెచ్‌బీఏ1సీ, విటమిన్ బీ12 పరీక్షలు చేయించండి. "సాయంత్రానికి ఒంట్లో ఓపిక ఉండదు" అని మీరు రెండుసార్లు రాశారు. గర్భిణులు కాని ఆడవాళ్ళలో హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనతే. అది తొమ్మిదిలో ఉండగా పొద్దున్నే లేచి నడవలేకపోతే దాన్ని బద్ధకం అనుకోవడం అన్యాయం. థైరాయిడ్ తక్కువగా ఉన్నా ఇంతే. ఇది తేలకుండా లక్ష్యం పెట్టుకోవద్దు.

అంకె విషయానికొస్తే, పది కిలోలు పక్కనపెట్టి నడుము కొలత పెట్టుకోండి. మన దేశపు ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదం అని లెక్క, మగవాళ్ళకు 90. టేపు బొడ్డు దగ్గర కాదు, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యన, నేలకు సమాంతరంగా. ఊపిరి మామూలుగా వదిలాక చూడాలి, పొట్ట లోపలికి లాగకూడదు. నెలకు ఒక్కసారి చాలు. బరువు కూడా చూడాలనిపిస్తే నెలసరి అయిన తర్వాతి వారంలోనే చూడండి, ప్రతి నెలా అదే వారం. నెలసరి ముందు ఒంట్లో నీరు నిలిచి కిలో, రెండు కిలోలు పెరిగినట్టు కనిపిస్తుంది, అది కొవ్వు కాదు. ఆ వారం మిషనెక్కి ఏడ్చి మానేసినవాళ్ళు చాలామంది. తగ్గే వేగం వారానికి అరకిలో ఉంటే చాలు.

తిండి లక్ష్యం మనిషికి కాకుండా వంటింటికి పెట్టండి, అప్పుడు మీ ఒక్కరి సంయమనం మీద భారం పడదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2000 కేలరీల భోజనానికి రోజుకు ధాన్యం 250 గ్రాములు, కూరగాయలు 400, పప్పులో గుడ్డో మాంసమో 85, నూనె నెయ్యి కలిపి 27 గ్రాములు అని ఉంది. మీ ఇంట్లో అయిదుగురు, ఇద్దరు పిల్లలు. నెలకు నాలుగు లీటర్ల నూనె దాటకూడదు. ప్యాకెట్ కత్తిరించిన రోజున తేదీ స్కెచ్ పెన్నుతో దానిమీదే రాయండి. ఒక లీటరు ఏడున్నర రోజులు రావాలి. అయిదో రోజుకే అయిపోతే ఆ వారం వేపుళ్ళు ఎన్ని జరిగాయో మీకే తెలుస్తుంది. దీనికి అదనంగా ఒక్క నిమిషం కూడా పట్టదు, అత్తగారికీ మేలు.

వ్యాయామానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీసం వారానికి 150 నిమిషాల ఓ మాదిరి శ్రమ, దాంతోపాటు రెండు రోజులు కండరాలకు పని. మాదిరి శ్రమ అంటే నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అత్తగారితో రాత్రి భోజనమయ్యాక పావుగంట నడవడం ఆవిడ చక్కెరకు చాలా మంచిది, చేయండి, కానీ ఆ వేగం మీ 150లో లెక్కకు రాదు. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు రెండు స్టాపుల ముందు దిగితే పాతిక నిమిషాలు, ఆరు రోజులకు 150. పోపుల వాసనలోంచి బయటపడి వేరే నడక సమయం వెతుక్కోనక్కర్లేదు.

కండరాల పని గురించి చెబుతూ అలవాటు ఎలా నిలుస్తుందో చెప్పాలి. "రోజూ 5.30కి లేచి వ్యాయామం" అని గడియారానికి కట్టింది మన ఇళ్ళలో నిలవదు. పాలవాడు ఆలస్యం, నీళ్ళు రాకపోవడం, బాబు దగ్గు, ఏదో ఒకటి 5.30ని మింగేస్తుంది. రోజూ ఎలాగూ జరిగే పనికి కట్టాలి. పీటర్ గోల్విట్జర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త 1999లో రాసిన పద్ధతి ఇది: "ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను" అని ముందే వాక్యం తయారుచేసి పెట్టుకోవడం. మీ వంటింట్లో రోజూ తప్పకుండా జరిగేది ఒకటుంది. మూడో విజిల్ వచ్చి స్టవ్ ఆపాక కుక్కర్ ఆవిరి దిగడానికి పది నిమిషాలు పడుతుంది. మీ వాక్యం: "కుక్కర్ కింద స్టవ్ ఆపగానే, డైనింగ్ కుర్చీ గోడకానించి, చేతులు పట్టుకోకుండా పన్నెండుసార్లు కూర్చుని లేస్తాను, గోడమీద చేతులానించి పన్నెండుసార్లు తోస్తాను, రెండు విడతలు." మూత ఊడొచ్చే సమయానికి అయిపోతుంది. నాలుగు రోజులు చాలు. కుర్చీ చక్రాలది, ప్లాస్టిక్‌ది వద్దు, జారుతుంది. మోకాలు నొప్పుంటే దిండు వేసి కుర్చీ ఎత్తు పెంచండి.

21 రోజుల్లో అలవాటు పడుతుందన్న మాట నమ్మకండి. లండన్‌లో 96 మందిని 12 వారాలు గమనించి 2010లో వెలువరించిన అధ్యయనంలో, పని తనంతట తాను జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులని తేలింది, మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా లెక్కకొచ్చింది. భోజనంతో గ్లాసు నీళ్ళు తాగడం లాంటివి తొందరగా కుదిరాయి, వ్యాయామం ఆలస్యంగా. ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం రాలేదని కూడా అందులోనే ఉంది. ఇరవై రెండో రోజున ఇంకా కష్టంగానే ఉంటే మీలో లోపమేమీ లేదు, గడువు ఇంకా కాలేదు.

పిల్లలతో "ఎక్కువసేపు" అనే మాట కొట్టేయండి. ఇప్పటికే 14 గంటలు ఇస్తున్నారు. అందులో తిను, చదువు, పడుకో అన్న మూడు మాటలే ఉంటున్నాయన్నది మీ బాధ, నేను అర్థం చేసుకున్నంతలో. ఆ 14లోంచే రోజుకు ఇరవై నిమిషాలు విడదీయండి. రాత్రి అన్నాలయ్యాక, పక్కలు వేసిన తర్వాత, ఏం చేయాలో వాళ్ళే చెప్పాలి, మీరు ఏమీ నేర్పకూడదు, ఎక్కాలు అడగకూడదు. ఆ సమయంలో ఫోను హాల్లో చార్జింగ్‌లో ఉండాలి. ఫోను తగ్గించడమనే లక్ష్యం కూడా ఇక్కడే తీరుతుంది. "చూడకూడదు" అని రాసుకున్నది నిలవదు, "రాత్రి తొమ్మిదికి ఫోను చోటు హాలు టీవీ పక్కన" అని చోటు మార్చింది నిలుస్తుంది. అలారానికి చిన్న గడియారం కొనుక్కోండి, లేకపోతే ఆ సాకుతో ఫోను మళ్ళీ దిండు కిందకొస్తుంది.

ధ్యానం, పుస్తకాలు, ఇంగ్లీషు ఈ ఏడాదికి వద్దు. నోట్‌బుక్ చివరి పేజీలో "ఇప్పుడు కాదు" అని రాసి, తేదీ వేసి అక్కడికి మార్చండి. కొట్టేయడం కంటే మార్చడం తేలిక, మనసు రోజూ వెనక్కి లాగదు. బస్సులో సీటు దొరికిన రోజు ఇంగ్లీషు ఏదైనా వింటే వినండి, లెక్కలో రాయకండి.

మిగిలినవి గ్రూప్-2, వీణ. అసలు నిర్ణయం ఇదే.

గ్రూప్-2 ముందు పరీక్ష స్వరూపం చూడండి. ప్రిలిమ్స్ 150 మార్కులు: చరిత్ర, భూగోళం, భారతీయ సమాజం, వర్తమాన వ్యవహారాలు, మెంటల్ ఎబిలిటీ, ఒక్కోటి 30. మెయిన్స్ రెండు పేపర్లు, 150 చొప్పున: ఒకటి ఆంధ్రప్రదేశ్ సామాజిక సాంస్కృతిక చరిత్ర, రాజ్యాంగం, రెండోది ఆర్థిక వ్యవస్థ, సైన్స్ టెక్నాలజీ. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు పోతుంది. 2023 డిసెంబరులో నోటిఫికేషన్ వస్తే ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న, మెయిన్స్ 2025 ఫిబ్రవరి 23న జరిగాయి. ప్రిలిమ్స్‌కి మెయిన్స్‌కి మధ్యనే ఏడాది. ఇలాంటి పరీక్షకు "ఈ ఏడాది ఉద్యోగం కొట్టాలి" అని రాసుకోకూడదు, తేదీ మీ చేతిలో లేదు, పోస్టులు మీ చేతిలో లేవు. గంటలే మీ చేతిలో ఉన్నాయి. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్ళకు నేను 500 నుంచి 600 గంటలు వేస్తాను. వారానికి ఆరు గంటలైతే దాదాపు రెండేళ్ళు. ఈ అంకె చూసి కూడా చేయాలనిపిస్తోందా అన్నది ప్రశ్న.

ఇంకో రెండు ప్రశ్నలు వేసుకోండి. ఫలితం వచ్చాక ఎవరికీ చెప్పకూడదంటే కూడా ఈ పని చేస్తానా? ఇది చేస్తున్న ఒక మామూలు మంగళవారం సాయంత్రం, బల్ల ముందు కూర్చుని ప్రాథమిక హక్కులు చదువుతున్న ఆ గంట, నాకు నచ్చుతుందా? ఎడ్విన్ లాక్ అనే మనస్తత్వవేత్త 1968లోనే చెప్పాడు, "వీలైనంత చేద్దాం" కంటే స్పష్టమైన, కాస్త కఠినమైన లక్ష్యం మంచి ఫలితమిస్తుందని. ఆ మాట అందరూ చెబుతారు. ఆ లక్ష్యాన్ని మనిషి మనసారా ఒప్పుకుని ఉండాలి, చేసే శక్తి ఉండాలి అన్న షరతులు మాత్రం వదిలేస్తారు. మీ ప్రశ్నలో వీణ గురించి నాలుగు వాక్యాలున్నాయి, గ్రూప్-2 గురించి ఒకటే: "ఆఫీసులో అందరూ రాస్తున్నారు." ఆ తేడాను నేను తేలిగ్గా తీసుకోను.

అందుకని గ్రూప్-2ని ఇప్పుడే ఒప్పుకోవద్దు, వదలొద్దు, పరీక్షకు పెట్టండి. శ్రావణం మొదలైన రోజు నుంచి దేవీ నవరాత్రుల ముందు రోజు దాకా ఎనిమిదిన్నర వారాలుంటాయి. వారానికి ఆరు గంటలు, ఒక్క రాజ్యాంగం మాత్రమే. మొత్తం 51 గంటలు కావాలి. 34 గంటలకంటే తక్కువ జరిగితే ఆపేస్తానని ఇప్పుడే రాసి సంతకం పెట్టుకోండి. ఆపే గీత ముందే గీసుకుంటే ఆ రోజున అపరాధ భావం ఉండదు. 34 దాటితే పాత మెయిన్స్ పేపరులో రాజ్యాంగం ప్రశ్నలు గడియారం పెట్టుకుని రాసి, తప్పులకు మూడో వంతు కోసి చూడండి, అప్పుడు ముందుకెళ్ళాలో లేదో తేలుతుంది. నవరాత్రుల్లో దుర్గమ్మ దర్శనానికి మీ ఇంటికి ఎంతమంది దిగుతారో మీకు తెలుసు, ఆ పది రోజులు ఏదీ పెట్టుకోవద్దు. తర్వాతి విడత దీపావళి నుంచి సంక్రాంతి, ఆ తర్వాతది సంక్రాంతి నుంచి మార్చి మధ్య దాకా. ఉగాదికి మొదలుపెట్టడం మీ విషయంలో అన్నిటికంటే చెడ్డ ముహూర్తం: మార్చి 31 క్లోజింగ్, పాప పరీక్షలు, ఆ వెంటనే వేసవి సెలవులు. మీ ఏడాది జూన్ 12 ప్రాంతంలో బడి తెరిచాక మొదలవుతుందనుకోండి.

వీణకు వారానికి గంటన్నర చాలు, రోజుకో పావుగంట, ఆరు రోజులు. ధర్మం, అర్థం, మోక్షంతో పాటు కామాన్ని కూడా పురుషార్థమనే అన్నారు, మనసుకు ఇష్టమైనది చేయడం దొంగ పని కాదు. ముందు చేయాల్సింది సాధన కాదు, మరమ్మతు. పదేళ్ళు మూలనున్న వీణకు ఏడు తీగెలూ మార్చాలి. 24 మెట్లూ మైనం మీద కూర్చుంటాయి, విజయవాడ ఎండలకు మైనం కదిలి ఉంటే స్వరం తప్పుతుంది, తప్పిన స్వరం విని "నా చెయ్యే పోయింది" అనుకుంటారు. మేళం కట్టేవాళ్ళ (మైనం వేసి మెట్లు సరిచేసేవాళ్ళ) దగ్గరికి తీసుకెళ్ళండి. తెచ్చాక గలేబు వేసి మంచం కింద పెట్టొద్దు, హాల్లో చాప మీద, పిల్లల కాళ్ళు తగలని మూల ఉంచండి. మొదటి నెల సరళీ వరసలు, ఒక గీతం, అంతే.

ఇప్పుడు గంటలు మళ్ళీ కూడదాం. గ్రూప్-2 ఆరు, నడక రెండున్నర, కుక్కర్ వ్యాయామం నలభై నిమిషాలు, వీణ గంటన్నర, మొత్తం పదిన్నర పైన. ఉన్నదీ పదిన్నరే, ఊపిరాడే చోటు లేదు. మరో అయిదున్నర గంటలు ఇంట్లోంచి తేవాలి. "కాస్త సాయం చెయ్యండి" అంటే ఎవరూ ఏమీ చేయరు, ఏం చేయాలో తెలియదు గనక. పని పేరు, రోజు, సమయం చెప్పాలి: "శుక్ర, శని రాత్రులు ఇద్దరి హోంవర్కూ మీది, నేను ఆ గదిలోకి రాను." అక్కడ రెండు గంటలు. ఆయన ఉన్న ఆదివారం పూట నాలుగు రోజుల ఇడ్లీ పిండి రుబ్బి, చిక్కుడు, బీన్స్ ఒలిచి తరిగి డబ్బాల్లో పెట్టుకుంటే, గిన్నెలకు మనిషిని పెట్టుకుంటే, వంటింటి మూడున్నర మూడవుతుంది. వారానికి మరో మూడున్నర. పదిన్నర పదహారైంది. అయిదు గంటలు, దాదాపు మూడో వంతు, ఖాళీగానే ఉంచండి. జ్వరాలకు, చుట్టాలకు చోటు అదే. ఆయన హోంవర్కు చేయించే పద్ధతి నచ్చకపోయినా మధ్యలోకి వెళ్ళొద్దు. వెళ్తే రెండో వారానికి ఆ పని మీకే తిరిగొస్తుంది.

ఆదివారం రాత్రి పది నిమిషాలు గోడ క్యాలెండర్ ముందు నిలబడి నాలుగు గుర్తులు చూసుకోండి: చదివిన గంటలు, నడిచిన రోజులు, వీణ పట్టిన రోజులు, నూనె ప్యాకెట్ తేదీ. కారణాలు రాయొద్దు, వచ్చే వారం మార్చే ఒక్క విషయం మాత్రం రాయండి. వరసగా రెండు రోజులు తప్పితే మూడో రోజు సగమే చేయండి, కుర్చీలోంచి ఆరుసార్లు లేవడం, అరగంట చదువు, అయిదు నిమిషాల వీణ. తప్పినవన్నీ కలిపి ఆదివారం తీర్చేద్దామనుకుంటే ఆదివారమూ పోతుంది, సోమవారం నోట్‌బుక్ తెరవబుద్ధి కాదు.

పాపకు పదేళ్ళు నిండేది నవంబరులో అన్నారు. మిగతా వాటన్నిటికీ శ్రావణం దాకా ఆగొచ్చు. పాప జనన ధ్రువీకరణ పత్రం, మీ ఆధార్, పాన్, రెండు ఫొటోలు తీసుకుని ఈ శనివారం పర్మిషన్ పెట్టుకుని పోస్టాఫీసుకు వెళ్ళి ఆ సుకన్య ఖాతా తెరిచేయండి.